విషం తీసే పనికి పొగ లెక్క కూడా కావాలి

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి, సభ్య కార్యదర్శి గారికి,
తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి,
పర్యావరణ భవన్, సనత్‌నగర్, హైదరాబాదు.



భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలో దశాబ్దాల తరబడి పడి ఉన్న 337 టన్నుల విష వ్యర్థాన్ని 2025 జనవరిలో 12 కంటైనర్లకెత్తి, దాదాపు 250 కిలోమీటర్ల దూరాన ఉన్న పీతంపూర్‌కు తరలించారు. జూన్ ఆఖరుకల్లా కాల్చడం పూర్తయింది. సున్నం వంటివి కలిపి కాల్చారు కాబట్టి చివరికి మిగిలిన బూడిద, అవశేషాలు 800 టన్నులు దాటాయి. అంటే పోయిన బరువుకన్నా వచ్చిన బరువే ఎక్కువ. ఇంతా చేస్తే అది నేల మీద ఉన్న వ్యర్థం మాత్రమే. ఫ్యాక్టరీ అడుగున ఉన్న మట్టి, చుట్టుపక్కల బస్తీల భూగర్భ జలం అలాగే ఉన్నాయి.

ఆ వ్యర్థాన్ని అక్కణ్ణుంచి తీయడం తప్పని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ శుద్ధి అనే పనికి డబ్బు ఖర్చు ఒక్కటే ఉండదనీ, డీజిల్, బొగ్గు, సున్నం, కరెంటు రూపంలో ఇంకో ఖర్చు ఉంటుందనీ ఆ ఉదంతం చూపించింది. ఆ రెండో ఖర్చు గురించే ఈ లేఖ.

ఇప్పుడే ఎందుకంటే, రెండు కారణాలున్నాయి. 2025 జులైలో కేంద్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల వివరాలు జిల్లా యంత్రాంగం పంపాలి, రాష్ట్ర మండలి పరీక్షలు చేయించి తేల్చాలి, పాడుచేసినవాళ్ల ఖర్చుతోనే బాగుచేయించాలి అన్నది వాటి సారాంశం. ఆ నిబంధనలు వచ్చేనాటికి దేశం మొత్తమ్మీద గుర్తించిన కలుషిత స్థలాలు 103. శుద్ధి మొదలైనవి ఏడంటే ఏడు. ఇక రెండో కారణం మన ఊరిదే. అదే ఏడాది నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 'హిల్ట్' పేరుతో పాత పారిశ్రామిక వాడల్లోని 9,000 ఎకరాలకు పైగా భూమిని ఇళ్లకూ ఆఫీసులకూ దుకాణాలకూ మార్చుకునే విధానాన్ని ప్రకటించింది. ఆ విధానం మంచిచెడ్డల మీద జరుగుతున్న రాజకీయ వాదంలోకి నేను వెళ్లను. బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్ వంటి చోట్ల దశాబ్దాలుగా రసాయనాలు, రంగులు, లోహపు పూతలు వాడిన నేల మీద రేపు పిల్లలు ఆడుకోబోతారంటే, ముందు ఆ నేలను పరీక్షించాలి, అవసరమైన చోట బాగుచేయాలి. అంటే ఇప్పటిదాకా అరుదుగా జరిగిన పని ఇకమీదట వరసగా జరగాలి.

శుద్ధి ప్రణాళిక ఏదైనా మీ బల్ల మీదికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు సహజంగా వస్తాయి. విషం ఎంత తగ్గుతుంది? ఎన్నాళ్లు పడుతుంది? ఎంత డబ్బవుతుంది? నాలుగోది కూడా అడగమని నా మనవి. ఈ పనికి ఎన్ని యూనిట్ల కరెంటు, ఎన్ని లీటర్ల డీజిల్, ఎన్ని టన్నుల సిమెంటు, సున్నం, బొగ్గుతో పుట్టించే ఆవిరి కావాలి, వాటివల్ల గాలిలోకి ఎంత కార్బన్ డయాక్సైడ్ వెళ్తుంది? పద్ధతి ఖరారయ్యాక కాదు, ఖరారు కాకముందే అడగండి. ఆ తర్వాత ఎంత అడిగినా అది అలంకారమే.

పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడల కథ మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అక్కడి కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉందని ప్రచురించేసరికి ప్రపంచమంతా ఇటు తిరిగి చూసింది. 2009లో కేంద్ర మండలి వేసిన కాలుష్య సూచికలో ఈ ప్రాంతం 70 మార్కులు దాటి 'తీవ్ర కలుషిత ప్రాంతాల' జాబితాకెక్కింది.

నా వాదనకు ఆ చరిత్రకన్నా అక్కడి రాయి ముఖ్యం. పైన మెత్తబడిన రాతి పొర, దాని కింద పగుళ్లున్న గ్రానైట్, నక్కవాగు వెంబడి ఒండ్రు. ఆ ఒండ్రు దారిలో కాలుష్యం ఎలా నడుస్తుందో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కొలిచారు, నమూనాలు కట్టారు. ఇలాంటి నేలలో బోరు వేసి నీళ్లు తోడుతూ పోతే కొన్నాళ్లకు అంకెలు తగ్గుతాయి, అందరికీ సంతోషం కలుగుతుంది. మోటారు ఆపి కొన్ని నెలలు ఆగితే, బంకమట్టిలోకీ రాతి సందుల్లోకీ ఇంకిపోయిన రసాయనం మెల్లగా ఊరి అంకె మళ్లీ పైకి పోతుంది. ఇల్లు అలకగానే పండగ కాదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అందుకే 'తోడి శుద్ధి చేసే' పద్ధతి రెండు మూడేళ్ల పనిగా మొదలై దశాబ్దాలు సాగుతుంది. మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఎంత తిరుగుతుందో ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. 5 హెచ్.పి. మోటారు రాత్రింబవళ్లు నడిస్తే రోజుకు దాదాపు 90 యూనిట్లు, ఏడాదికి 32,000 పైచిలుకు. మన దేశపు గ్రిడ్ కరెంటులో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఒక్క మోటారుకు ఏడాదికి 23 టన్నులు, పది బోర్లకు 230 టన్నులు. గ్రిడ్ ఇలాగే ఉంటే ఇరవై ఏళ్లలో 4,600 టన్నులు. సౌర, పవన విద్యుత్తు పెరిగేకొద్దీ ఇది కొంత తగ్గుతుంది కానీ మాయం కాదు.

ఇప్పుడు మట్టి సంగతి. ఒక హెక్టారులో మీటరు లోతున తవ్వితే 10,000 ఘనపు మీటర్లు, బరువులో దాదాపు 17,000 టన్నులు. 20 టన్నుల టిప్పర్లకు 850 ట్రిప్పులు. పటాన్‌చెరు నుంచి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి రానూపోనూ 50 కిలోమీటర్లనుకుంటే 12,000 లీటర్ల డీజిల్, అంటే సుమారు 32 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఆ గుంత పూడ్చడానికి అంతే దూరం నుంచి మొరం తెస్తే ఇంకో 32. తవ్వే యంత్రాల ఖర్చు దీనికి అదనం. మరోపక్క అదే మట్టిని అక్కడే వేడిచేసి రసాయనాన్ని ఆవిరిగా లాగే పద్ధతి ఉంది. తడి మట్టిని నూరు డిగ్రీలకు చేర్చి అందులోని నీటిని ఆవిరి చేయాలంటే ఘనపు మీటరుకు 200 యూనిట్ల శక్తికి తక్కువ పట్టదు. పది వేల ఘనపు మీటర్లకు 20 లక్షల యూనిట్లు, కరెంటుతో చేస్తే 1,400 టన్నులు.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి ఒక పద్ధతి మంచిది, ఇంకోటి చెడ్డది అని తీర్పు చెప్పకూడదని నాకు తెలుసు. ఒకటి మట్టికి, ఒకటి నీటికి. ఒకటి విషాన్ని నాశనం చేస్తుంది, ఒకటి ఇంకో చోటికి మారుస్తుంది. కొడైకెనాల్ థర్మామీటర్ ఫ్యాక్టరీ స్థలంలో పాదరసం కలిసిన మట్టిని కడిగి, వేడిచేసి పాదరసాన్ని రాబట్టే దారి ఎంచుకున్నారు. పాదరసం ఏ సూక్ష్మజీవి తిన్నా మాయమయ్యే సరుకు కాదు కాబట్టి అక్కడ ఆ వేడికి న్యాయం ఉంది. నేను చెప్పదలచింది వేరు. రోడ్డు మీద దుమ్ము రేపుకుంటూ పోయే టిప్పర్లు అందరి కంటా పడతాయి, పత్రికల్లో ఫొటోలు వస్తాయి. షెడ్డులో నిశ్శబ్దంగా ఇరవై ఏళ్లు నడిచే మోటారు ఎవరి కంటా పడదు. లెక్క కట్టకపోతే కంటికి కనిపించేదే పెద్దదనిపిస్తుంది.

ఇది నా ఊహ కాదు. అమెరికా పర్యావరణ సంస్థ 2008లో తన సూపర్‌ఫండ్ పథకం కింద శుద్ధి చేసే కలుషిత స్థలాల మీద ఇలాంటి లెక్కే వేసింది. బాగా శక్తి తినే అయిదు పద్ధతులకు కలిపి ఏడాదికి సగటున 60 కోట్లకు పైగా యూనిట్లు ఖర్చవుతాయని అంచనా కట్టింది. అందులో దాదాపు అయిదింట నాలుగు వంతులు ఒక్క 'తోడి శుద్ధి చేసే' పద్ధతిదే. ఆ లెక్క చూసుకున్నాకే అక్కడ పంపుల పరిమాణం తగ్గించడం, అవసరం లేని బావులు ఆపేయడం, సౌర పలకలు పెట్టడం వంటివి అధికారిక మార్గదర్శకాల్లోకి వచ్చాయి. 2010లో బ్రిటన్ సర్ఫ్-యూకే చట్రం, 2017లో ఐఎస్ఓ 18504 ప్రమాణం కూడా ఈ దారినే వచ్చాయి. వీటిలో ఏదీ కార్బన్ కోసం శుద్ధి మానుకోమని చెప్పదు. అన్నీ పర్యావరణం, సమాజం, డబ్బు ఈ మూడింటినీ ఒకేసారి చూడమంటాయి.

మన దగ్గర అన్నిటికన్నా పెద్ద ఆదా ఎక్కడుందో చెప్పమంటే, మోటారు దగ్గర కూడా కాదు, మోటారు పైకి తెచ్చిన నీటిని ఏం చేస్తామన్న చోట ఉందంటాను. 30 మీటర్ల లోతు నుంచి వెయ్యి లీటర్లు పైకి తేవడానికి, పంపు నష్టాలన్నీ కలుపుకున్నా, పావు యూనిట్ పట్టదు. అవే వెయ్యి లీటర్లను ఆవిరి చేయాలంటే 600 యూనిట్లకు పైబడిన వేడి కావాలి. నాలుగంచెల ఎవాపరేటర్ పెట్టినా అందులో నాలుగో వంతయినా తప్పదు. మన మందుల ఫ్యాక్టరీల్లో 'జీరో లిక్విడ్ డిశ్చార్జ్' (వ్యర్థ జలం చుక్క కూడా బయటికి వదలకపోవడం) పేరుతో నడుస్తున్న ఏర్పాట్లు చాలావరకు ఈ ఆవిరి మీద, దాని వెనక బాయిలర్ల మీద ఆధారపడినవే. తోడిన భూగర్భ జలాన్ని కూడా అలవాటుగా అదే గొట్టంలోకి మళ్లిస్తే, నేలలోని విషం తీశామనుకుంటూ ఆకాశంలోకి బొగ్గు పొగ ఎత్తిపోసినవాళ్లమవుతాం. ఏ నీటిని ఎంతవరకు శుద్ధి చేయాలి, శుద్ధి చేసిన నీటిని ఫ్యాక్టరీ కూలింగ్ టవర్‌కు వాడుకోవచ్చా, బొగ్గుపొడి వడపోతతో సరిపోయే రసాయనానికి ఎవాపరేటర్ ఎందుకు అన్న ప్రశ్నలు ఇంజనీర్ల చేత వేయించాల్సింది మీరే.

రెండో పెద్ద ఆదా వెతకడంలో ఉంది. రెండు మూడు బోర్ల నీళ్లు పరీక్షించి, అంకె ఎక్కువగా ఉంది కాబట్టి మొత్తం హెక్టారూ తవ్వేయమనడం సులువు. లోతులవారీగా నమూనాలు తీసి, నేల విద్యుత్ నిరోధకత కొలిచి, పాత గుంతలు, పూడ్చిన డ్రమ్ములు, కారే సంపులు ఎక్కడున్నాయో పటం గీయడం కష్టం, డబ్బు ఖర్చు. కానీ అసలు విషం హెక్టారులో మూడో వంతులోనే ఉందని తేలితే టిప్పర్లు, డీజిల్, మొరం, దుండిగల్‌లో ఆక్రమించే చోటు అన్నీ మూడో వంతుకు పడిపోతాయి. కార్బన్ తగ్గించే పరికరాల్లో సౌర పలకకన్నా ముందు నిలిచేది మంచి పరిశోధన నివేదిక. మూలం దొరికి దాన్ని ముందు తీసేస్తే, ఆ తర్వాత తోడాల్సిన ఏళ్లు కూడా తగ్గుతాయి.

మూడోది, తోడకుండానే నేలలో బాగుచేసే దారులు. అమెరికాలో నార్త్ కరోలినాలోని ఎలిజబెత్ సిటీలో కోస్ట్ గార్డ్ స్థావరం కింద క్రోమియం, ట్రైక్లోరోఇథిలీన్ కలిసిన నీళ్లు నదివైపు పోతుంటే, 1996లో ఆ దారికి అడ్డంగా 46 మీటర్ల పొడవున, 7 మీటర్లకు పైగా లోతున కందకం తీసి ఇనుప రజను నింపారు. నీళ్లు వాటి వాలున అవే పారుతాయి, ఇనుము తగిలి క్రోమియం కరగని రూపానికి మారి అక్కడే ఆగిపోతుంది. ఆ గోడకు కరెంటు బిల్లు లేదు. లోహపు పూతల వాడల్లో ఇలాంటిది ఆలోచించదగ్గది. అయితే గట్టి గ్రానైట్‌లో ఈ కందకం పనికిరాదు, నక్కవాగు ఒండ్రులోనో పైనున్న మెత్తటి పొరలోనో నీరు పారే చోట మాత్రమే పనికొస్తుంది. క్లోరిన్ కలిసిన ద్రావకాలకు మొలాసిస్‌నో వంటనూనెనో నేలలోకి ఎక్కించి సూక్ష్మజీవుల చేత విడగొట్టించే పద్ధతి ఉంది. జహీరాబాద్ చెరకు పండే జిల్లాలోనే పటాన్‌చెరు ఉంది కాబట్టి ముడిసరుకు దూరం కాదు. ఆ పని సగంలో ఆగితే మాత్రం అంతకన్నా ప్రమాదమైన వినైల్ క్లోరైడ్ మిగులుతుంది. మొలాసిస్ ఎక్కువైతే మీథేన్ పుట్టి కార్బన్ లెక్కే తలకిందులవుతుంది. అందువల్ల దాన్ని వదిలేసి వెళ్లే పనిగా కాక, నెలనెలా కొలిచే పనిగా చూడాలి.

మొక్కల గురించి కూడా ఒక మాట. వట్టివేరు వంటి గడ్డి నాటి నేల బాగైపోతుందని చెప్పేవాళ్లు మీ దగ్గరికి తప్పకుండా వస్తారు. లోతు తక్కువ ఉన్న చోట, తొందర లేని చోట అది నిజంగానే ఉపయోగం. కానీ లోహాలు లాక్కున్న ఆ గడ్డిని గేదెలు మేస్తే విషం పాల చెంబులోకి చేరుతుంది. కంచె వేయని, కోసిన గడ్డి ఎక్కడికి పోతుందో చెప్పని 'పచ్చని' ప్రణాళికకు అనుమతి ఇవ్వకండి.

ఇక్కడే నాకున్న అసలు భయం చెప్పాలి. నేను రాసిన ఈ వాదనను రేపు పాడుచేసినవాళ్లే పట్టుకుంటారు. 'తవ్వితే డీజిల్ కాలుతుంది, తోడితే కరెంటు కాలుతుంది, ప్రకృతే మెల్లగా బాగుచేసుకుంటుంది, మేం కొలుస్తూ కూర్చుంటాం' అంటారు. ఆ మాట కొన్ని స్థలాల్లో నిజం కూడా కావచ్చు. కానీ ఖర్చు తప్పించుకోవడానికి అంతకన్నా అందమైన సాకు ఉండదు. కాబట్టి వరస ముందే గట్టిగా రాసిపెట్టండి. మొదట మనుషుల ఆరోగ్యం. విషపు బోరు మీద బతుకుతున్న ఊరికి పైపులైను నీళ్లు రేపటికల్లా రావాలి, దానికి ఏ కార్బన్ లెక్కా అడ్డం రాకూడదు. ఆ తర్వాత విషం మంజీర నది వైపు, కొత్త ఊళ్ల వైపు పాకకుండా ఆపడం. ఆ రెండూ ఒకేలా సాధించగలిగిన పద్ధతులు రెండో మూడో ఉన్నప్పుడు, వాటి మధ్య ఎంపికలో కార్బన్ తూకం వేయాలి. 'ఏమీ చేయకపోవడం' ఆ పోటీలో ఒక పద్ధతిగా నిలబడడానికి వీల్లేదు.

ఎదురయ్యే ఇంకో ఒత్తిడి రియల్ ఎస్టేటుది. అమీన్‌పూర్, కిష్టారెడ్డిపేట దాకా అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి. ఎకరం విలువ కోట్లలో ఉన్నప్పుడు బిల్డరుకు కావాల్సింది వేగం. ఆరు వారాల్లో తవ్వి ఎత్తిపోయించడమే అతనికి లాభం, ఆ మట్టి ఎక్కడికి పోయిందన్నది అతనికి పట్టదు. నిర్మాణం ప్లానును కాస్త మార్చి, ఎక్కువ పాడైన చోట పార్కింగో సీలు చేసిన స్థలమో పెట్టి, తక్కువ పాడైన చోట ఇళ్లు కడితే తవ్వకం ఎంత తగ్గుతుందో చూపించమని బిల్డరునే అడగవచ్చు. భూమి వాడకం మార్పు అనుమతి, శుద్ధి అనుమతి వేర్వేరు కార్యాలయాల్లో వేర్వేరు కాలాల్లో నడిస్తే ఈ మాట అడిగే అవకాశమే ఉండదు.

ఇంతకూ నేను కోరుతున్నవి అయిదు.

ఒకటి: ప్రతి శుద్ధి ప్రణాళికలో కనీసం మూడు పద్ధతులను పక్కపక్కన చూపించాలి. ఒక్కోదానికి కరెంటు యూనిట్లు, డీజిల్ లీటర్లు, సామగ్రి టన్నులు, కార్బన్ డయాక్సైడ్ టన్నులు, పట్టే ఏళ్లు రాయాలి. ఈ లెక్కకు అమెరికా పర్యావరణ సంస్థ తయారుచేసిన స్ప్రెడ్‌షీట్లు ఉచితంగానే ఉన్నాయి. మన గ్రిడ్ అంకెలు, మన టిప్పర్ల మైలేజీ అందులో పెట్టుకుంటే చాలు.

రెండు: పరిశోధన నివేదిక సరిపోయిందని మీ నిపుణులు సంతకం పెట్టేదాకా తవ్వకానికి గానీ, ఏళ్ల తరబడి తోడడానికి గానీ అనుమతి ఇవ్వకూడదు. ప్రమాదం ముంచుకొచ్చిన అత్యవసర సందర్భాలకు మాత్రమే మినహాయింపు.

మూడు: తోడే ప్రతి పథకానికీ 'ఎప్పుడు ఆపుతాం' అన్న షరతు మొదటి రోజే ఉండాలి. ఏ బావిలో ఏ అంకెకు చేరితే మోటారు ఆపుతారు, ఆపాక ఎన్ని నెలలు గమనిస్తారు, అంకె మళ్లీ పెరిగితే పాత పద్ధతే కొనసాగిస్తారా, కొత్తది చూస్తారా అన్నది ఏడాదికోసారి సమీక్షించాలి. పగటిపూట తోడితే సరిపోయే చోట సౌర మోటార్లే పెట్టాలి.

నాలుగు: ఆ మోటార్ల మీటరు రీడింగులు, నీటి పరీక్షల అంకెలు మూడు నెలలకోసారి మీ వెబ్‌సైటులో పెట్టాలి. మీటరు తిరుగుతున్నా విషం తగ్గని పథకం బయటపడేది అప్పుడే.

అయిదు: ప్రణాళిక సారాంశం తెలుగులో, నాలుగు పేజీలకు మించకుండా, ఆ ఊరి గ్రామ పంచాయతీలోనో వార్డు కార్యాలయంలోనో అంటించాలి. ఆ నీళ్లు తాగి, ఆ పొగ పీల్చేవాళ్లు అది చదివి ప్రశ్నించగలగాలి.

వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు. శుద్ధి ప్రణాళికల దరఖాస్తు నమూనాలో ఒక పేజీ చేర్చితే సరిపోతుంది. ఆ నమూనా ఇంకా గట్టిపడకముందే ఆ పేజీ చేర్చండి. ప్రభుత్వ కార్యాలయంలో ఒక ఫారం ఒకసారి అచ్చయ్యాక దాన్ని మార్చడం ఎంత కష్టమో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇట్లు,
సంగారెడ్డి జిల్లా పౌరుడొకడు